ఆలస్యం చేసిన నలభై ఒక్కమంది

మా కేసు కొట్టేసిన సంగతి సాయంత్రం నాలుగింటిదాకా మాకు తెలియదు.

పొద్దున పదింటికల్లా నలభై ఒక్కమందిమీ కోర్టు వరండాలో ఉన్నాం. ఉన్నవాటిలో మంచి చొక్కాలు వేసుకుని వచ్చాం. తలుపు దగ్గర బంట్రోతు ఏవో అంకెలు అరుస్తున్నాడు, ఆ గోలలో మాకు ఒక్కటీ సరిగ్గా వినపడట్లేదు. పిలిచినవాళ్లు లోపలికి వెళ్తున్నారు, వస్తున్నారు. లోపల జాగా లేదని మమ్మల్ని గోడవారగా నిలబెట్టారు. అన్నాల వేళ వచ్చింది, పోయింది, మేం మాత్రం కదల్లేదు. మేం లేనప్పుడు పిలిస్తే ఎలా? ఆరేళ్లు కోర్టులో నలిగిన కేసుని నాలుగు ముద్దల కోసం పోగొట్టుకుంటామా?

నాలుగింటికి బంట్రోతు తలుపులు మూస్తూ మమ్మల్ని చూశాడు. “ఎవరయ్యా మీరంతా? ఇంకా ఇక్కడే ఉన్నారేంటి?”

మా బావ ముందుకెళ్లి కేసు నంబరు చెప్పాడు. “మాది ఇంకా పిలవలేదండి.”

“నీళ్లవాళ్లదా? అది పొద్దున్నే అయిపోయిందిగా! రెండు నిమిషాలు కూడా పట్టలేదు.”

“ఏమైందండి?”

“కొట్టేశారు,” అని తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

అన్నలారా, అక్కలారా, చదువుకునే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మనల్ని చంపడానికి వాళ్లకి తుపాకీ అక్కర్లేదు. గోడమీద క్యాలెండరు చాలు. అదెలాగో చెబుతాను, వినండి.

తీర్పు ప్రతి చేతికొచ్చాక మా లాయరమ్మ మమ్మల్ని తన గదిలోకి పిలిచింది. నలుగురు పట్టే గది. మిగతావాళ్లు మెట్లమీద నిలబడ్డారు. ఆమె గట్టిగా చదివింది. వీళ్లని ఎంపిక చేసిన మాట నిజమే. ఖాళీలు ఉన్న మాటా నిజమే. ఉత్తర్వులు ఇవ్వకపోవడం తప్పే. అయితే వీళ్లు పదమూడేళ్లు ఆలస్యం చేసి కోర్టుకి వచ్చారు. కాబట్టి వీళ్లు శాఖ ఉద్యోగులు కారు. తమ హక్కు మీద తామే నిద్రపోయినవాళ్లకి కోర్టు సాయం చెయ్యదు.

నిద్రట! పంతొమ్మిదేళ్లుగా తెల్లవారుజామున మూడున్నరకి లేచి ఈ ఊరి వాల్వులు తిప్పుతున్నది మేం. ఆ జడ్జిగారు పొద్దున మొహం కడుక్కున్న నీళ్లు ఎవరు వదిలారనుకున్నారు?

“మరి మా రసీదులు చూపించలేదామ్మా?” అన్నాడు బావ. “ఏటా వినతిపత్రం ఇచ్చాం కదా. పదమూడు రసీదులు. ప్రతిదానిమీదా ఆఫీసు ముద్ర ఉంది.”

లాయరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. “అవే మన కొంప ముంచాయి బాబూ. ప్రభుత్వం ప్లీడరు వాటినే పట్టుకున్నాడు. అన్యాయం జరిగిందని మొదటి ఏడే వీళ్లకి తెలుసు, తెలిసీ కోర్టుకి రాలేదు, ఇదిగో రుజువు అన్నాడు. కాగితాలు ఎన్ని ఇచ్చుకున్నా గడువు ఆగదన్నాడు. జడ్జిగారు అవునన్నారు.”

“ఆరేళ్లు కోర్టులోనే పడుంది కదమ్మా?”

“సర్కారు జవాబు వెయ్యడానికి ఇరవై రెండు వాయిదాలు అడిగింది. అది లెక్కలోకి రాదు.”

“మేం ఆగితే నిద్ర, వాళ్లు ఆగితే వాయిదా!” మెట్లమీంచి అరిచాడు మావాడొకడు, వెల్డరంటాం వాణ్ణి. “బావుందమ్మా మీ చట్టం!”

లాయరమ్మ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. ఆమె మంచి మనిషి. మంచితనానికి కోర్టులో వాయిదా కూడా దొరకదు.

ఇంతకీ పదమూడేళ్లు ఎందుకు ఆగాం? తెలివితక్కువతనం అంటారు మీరు. ఒప్పుకుంటాను. కానీ ఆ తెలివితక్కువతనం ఎక్కడ నేర్చుకున్నామో చెప్పాలి.

పంతొమ్మిదేళ్ల కిందట నీటి సరఫరా శాఖ వాల్వు పనివాళ్ల కోసం పరీక్ష పెట్టింది. బరువులు మోయించారు, గుంటల్లోకి దింపారు, తుప్పుపట్టిన వాల్వులు తిప్పించారు. నలభై ఒక్కమందిని ఎంపిక చేసి పేర్ల జాబితా ఆఫీసు గోడకి అంటించారు. పదిహేను రోజుల్లో ఉత్తర్వులు ఇంటికొస్తాయన్నారు. ఈలోగా పని ఆగకూడదు కదా, అని కాంట్రాక్టరు కింద తాత్కాలికంగా చేరమన్నారు. చేరాం. ఆ తాత్కాలికంలోనే మా తలలు నెరిశాయి.

మూడు వందల పన్నెండు వాల్వులు ఈ ఊళ్లో. ఆఫీసులో ఉన్న పటం ఎప్పుడో చెదలు తినేసింది. ఏ వాల్వు బడి ప్రహరీ మూల నుంచి ఏడడుగుల దూరంలో ఉందో, ఏది ఎవరి మెట్ల కింద పూడిపోయిందో, ఏది ఎడమకి తిప్పితే మూసుకుంటుందో, ఏది కుడికో, మా తలల్లోనే ఉంది.

మా పనిలో మొదటి పాఠం ఆగడం. గుంట మూత తీసిన వెంటనే దిగకూడదు. అరగంట ఆగాలి. తాడుకి దీపం కట్టి కిందికి వదలాలి. దీపం ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టే. అప్పుడింకా ఆగాలి. నడుముకి తాడు లేకుండా, పైన ఇద్దరు లేకుండా దిగకూడదు. ఆగనివాళ్ల కథలు మా పాతవాళ్లు చెబుతుండేవారు. ఆ కథలన్నీ చిన్నవే.

మా అందరిలోకీ ఓపిగ్గా ఆగేవాడు మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆయన్ని అందరూ రసీదుల బావ అనేవాళ్లు. గుంట దగ్గర నేర్చుకున్న పాఠాన్నే సర్కారు దగ్గరా వాడాడు. అదే ఆయన చేసిన తప్పు. మా తప్పు కూడా.

మూడో ఏడు వెల్డరు పట్టుబట్టాడు, కోర్టుకెళ్దామని. వాడికి తగవులమారి అని పేరు. బావ నచ్చజెప్పాడు. “ఫైలు పైకెళ్లిందట. ఇప్పుడు కేసు వేస్తే పెద్దవాళ్లకి కోపమొస్తుంది. తొందరపడ్డవాడు గుంటలోనే ఉంటాడు. ఏటా ఒక కాగితం ఇద్దాం, రసీదు తీసుకుందాం. రసీదు చేతిలో ఉంటే హక్కు ఎక్కడికి పోతుంది?” అటు కాంట్రాక్టరు కూడా, కేసు వేసినవాడు మర్నాటి నుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు. మేమంతా గంగిరెద్దుల్లా తలలూపాం. నేను అందరికంటే ముందు ఊపాను. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు బడిలో రాయించారు. ఆ విషం ఎప్పుడూ మన గిన్నెలోనే పోస్తారని అప్పుడు తెలియలేదు.

తీర్పు వచ్చిన వారానికి శాఖ కొత్తగా నలభైమందిని తీసుకుంది. అంతా పాతికేళ్ల లోపువాళ్లు. మమ్మల్ని మళ్లీ పరీక్షకి రమ్మనడానికి మా వయసు దాటిపోయింది. మాకు వచ్చిన హుకుం ఏమిటంటే, నెల రోజుల్లో కొత్తవాళ్లకి వాల్వులన్నీ చూపించి, పని నేర్పి, వెళ్లిపోవాలి. మా గొయ్యి మేమే తవ్వి, కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని మరీ పడుకోవాలన్నమాట.

పంపుహౌసులో మీటింగు పెట్టుకున్నాం. మోటార్ల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాలి. ఆ రోజు అరవడానికి ఎవరికీ కష్టం కాలేదు.

“చూపించొద్దు! ఒక్క వాల్వు కూడా చూపించొద్దు!” అన్నాడు వెల్డరు. బావ వైపు తిరిగాడు. “ఏం బావా, ఇప్పుడేమంటావు? ఇంకో కాగితం రాద్దామా? నీ రసీదులు నలభై ఒక్కమంది మెడకి ఉరితాళ్లయ్యాయి. పద్నాలుగోది కూడా తెచ్చుకో, తీరిగ్గా చద్దాం!”

అక్కడెవరూ బావ పక్షాన మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

బావ తల దించుకునే అన్నాడు, “ఇంజినీరుగారిని కలిశాను. సరిగ్గా నేర్పిస్తే మన నలభై ఒక్కరి గురించీ పైకి రాస్తానన్నారు.”

“రాస్తాడు, రాస్తాడు! వాడు రాస్తే మనం చదువుతాం!”

“నా వల్ల పోయింది. నా వల్లే రావాలి,” అన్నాడు బావ. మీటింగు ఏదీ తేలకుండా ముగిసింది. మర్నాడు బావ కొత్తవాళ్లని వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఆయన్ని ఒంటరిగా పంపలేక నేనూ, తిట్టుకుంటూ వెల్డరూ వెళ్లాం.

నాలుగో రోజు పెద్దగుంట దగ్గరికి వచ్చాం. అది ఆఫీసర్ల బంగళాల మూలన ఉంటుంది. ఊళ్లోకెల్లా లోతైన గుంట, పదకొండు మెట్లు. మూత తీసి రెండేళ్లయింది. కొత్తవాళ్లు ఇస్త్రీ మడత నలగని బట్టల్లో వరసగా నిలబడ్డారు. తొమ్మిదింటికి పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నాడని ఇంజినీరు గడియారం చూసుకుంటున్నాడు. ఎనిమిదిన్నరకి మూత జరిపాం. వెల్డరు దీపం కోసం వెళ్లాడు. నేను తాడు చిక్కు విప్పుతున్నాను. బావ గుంట అంచున గొంతుక్కూర్చున్నాడు.

“ఏంటింకా? దిగు,” అన్నాడు ఇంజినీరు.

“అరగంట ఆగాలండి. చెడుగాలి పోవాలి.”

“జీవితమంతా ఆగడమేనా నీకు? ఆలస్యం చేశారని కోర్టు మొహమ్మీద ఉమ్మేసినా బుద్ధి రాలేదా?”

కొత్తవాళ్లలో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

బావ మొహం నేను చూశాను. ఆయన్ని దొంగా అన్నా అంత బాధపడేవాడు కాదు. లేచి చొక్కా చేతులు మడుచుకున్నాడు.

“వద్దు బావా. దీపం రానీ. తాడైనా కట్టుకో.”

“ఒక్క నిమిషంరా. చూసి వచ్చేస్తా,” అని దిగాడు.

నేను మెట్లు లెక్కపెట్టాను. ఏడు వినిపించాయి. ఎనిమిదోది వినిపించలేదు. తర్వాత కింద నీళ్లలో ఏదో బరువుగా పడ్డ చప్పుడు.

నేను దూకబోయాను. పరుగెత్తుకుంటూ వచ్చిన వెల్డరు నన్ను నడుం పట్టి వెనక్కి లాగి కింద పడేశాడు. “నువ్వూ చస్తావురా! నీకూ ఓపిక లేదా!” అంటూ నా మీద కూర్చున్నాడు. వాడి కన్నీళ్లు నా మెడమీద పడుతున్నాయి. వాడు దీపం వదిలాడు. ఆరిపోయింది. మళ్లీ వదిలాడు. మళ్లీ ఆరిపోయింది. అరగంట ఆగాం. పదకొండు మెట్ల కింద మనిషి ఉండగా అరగంట ఎంత పొడుగో నాకు తెలుసు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి ఆగనందుకు ఆయన పోయాడు.

పైకి తీసేసరికి ఇంజినీరు జీపు లేదు. ఇందాక నవ్వినవాళ్లలో ఒకడు గోడ దగ్గర వాంతి చేసుకుంటున్నాడు.

మా అక్క ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. అదే ఆసుపత్రికి బావని తీసుకెళ్లాం. తడి చేతులతోనే వచ్చి చూసింది. అరవలేదు. ఆయన మోచేతికి అంటిన బురద తన కొంగుతో తుడిచింది. నేను పక్కకెళ్లి గోడకి తల బాదుకున్నాను.

ఆ సాయంత్రమే శాఖ నుంచి అక్కకి కాగితం వచ్చింది. మృతుడు ఈ శాఖ ఉద్యోగి కాడు. అనుమతి లేకుండా శాఖ ఆస్తిలోకి దిగాడు. జరిగినదానికి శాఖకి బాధ్యత లేదు. చూశారా, రాయాలనుకుంటే వాళ్లు ఎంత త్వరగా రాయగలరో!

మర్నాడు పంపుహౌసు గోడకి నలభై ఇనప కడ్డీలు ఆనించాం. వాల్వులు తిప్పేది వాటితోనే. ఇంక ముట్టుకోం అన్నాం.

“మొత్తం ఊరు ఎండిపోవాలి!” అన్నాడు వెల్డరు. చాలామంది చేతులెత్తారు.

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. “ఊరంటే ఎవర్రా?” అంది. “ఆసుపత్రిలో నీళ్లు లేకపోతే నేను రక్తం మరకలు దేంతో ఉతకాలి? కూలీల వాడలో బిందెలు పట్టుకుని నిలబడేది ఇంజినీరు పెళ్లామా? మీ బావ ఏ వీధిలో నీళ్లు ఆపాలో తెలీకుండా ఎప్పుడూ కడ్డీ పట్టుకోలేదు.”

వెల్డరు చెయ్యి దించేశాడు. కోపం తగ్గి కాదు, దాన్ని ఎటు తిప్పాలో తెలిసి. రెండు గంటలు వాదించుకున్నాం. చివరికి ఆసుపత్రి, బళ్లు, వాడలకి వెళ్లే వాల్వులన్నీ తెరిచిపెట్టాం. ఆఫీసర్ల బంగళాలవీ, కాంట్రాక్టరు మేడదీ, శాఖ ఆఫీసుదీ మూసేశాం. తర్వాత కడ్డీలు మళ్లీ గోడకి చేర్చాం.

రెండో రోజుకి బంగళాల పూలకుండీలు వాడిపోయాయి. మూడో రోజుకి బంగళాల్లో వాసన మొదలైంది. కొత్తవాళ్లకి గునపాలిచ్చి పంపితే రోడ్లు తవ్వారు, ఒక పైపు పగలగొట్టారు, వాల్వు మాత్రం దొరకలేదు. పెద్దగుంటలోకి దిగమని ఇంజినీరు అరిస్తే, ఆ రోజు వాంతి చేసుకున్నవాడు ముందుకొచ్చి, “మీరు దిగి చూపించండి సార్, వెనకే వస్తాం,” అన్నాడట. మిగతావాళ్లు కూడా కదల్లేదట. ఆ మాట మా చెవిన పడ్డప్పుడు పంపుహౌసులో మొదటిసారి నవ్వులు వినిపించాయి.

నాలుగో రోజు పొద్దున పోలీసులు వచ్చి మమ్మల్ని వ్యాన్లలో కుక్కారు. స్టేషను ఆవరణలో ఎండలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి హెడ్డు ఒక కాగితం తెచ్చి గొంతు సవరించుకున్నాడు.

“నీటి సరఫరా శాఖ ఉద్యోగులైన ఈ కింది నలభైమందీ అత్యవసర సేవల చట్టానికి విరుద్ధంగా విధులకు హాజరు కాకుండా...”

“ఆగండి,” అన్నాడు వెల్డరు. “మొదటి ముక్క మళ్లీ చదవండి.”

“శాఖ ఉద్యోగులైన—”

“ఎవరు రాసిచ్చారు?”

“మీ ఇంజినీరే. ఇదిగో సంతకం.”

పంతొమ్మిదేళ్లు కాళ్లరిగేలా తిరిగినా రాయని మాట, జైల్లో పెట్టడానికి ఒక్క పూటలో రాశారు. ఉద్యోగులం కాకపోతే ఆ చట్టం కింద మమ్మల్ని ముట్టుకోలేరు మరి!

లాయరమ్మ ఆయాసపడుతూ వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. “భయపడకండి. ఇది నిలబడదు. మీరు ఉద్యోగులు కారని కోర్టే చెప్పింది కదా. ఆ తీర్పు చూపించి, మేం ఉద్యోగులం కాము అని మీరంతా ఒక్క మాట రాసివ్వండి. సాయంత్రానికి ఇళ్లకి పోవచ్చు.”

“ఇవ్వకపోతే?”

“మూడేళ్లదాకా జైలు పడొచ్చు.”

నలభైమందిలో గుసగుసలు బయల్దేరాయి. అబద్ధం చెప్పను, నాకూ ఇంటికి పోవాలనే అనిపించింది. మాలో ఒకాయనకి ఇంటి దగ్గర మంచంపట్టిన తల్లి. “రాసిచ్చేద్దాం,” అన్నాడు ఆయన. “ఉత్త మాటే కదా. మాట కోసం మూడేళ్లా?”

“ఆ మాట కోసమే కదన్నా ఇన్నేళ్లు!” అన్నాన్నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “కోర్టు అంది, కాంట్రాక్టరు అన్నాడు, శాఖ అంది. మనం ఉద్యోగులం కామని మన నోటితో మనం మాత్రం ఎప్పుడూ అనలేదు. ఇవాళ అంటే, బావ ఎవరో దారిన పోతూ గుంటలో పడ్డ మనిషైపోతాడు.”

ఆయన నా వైపు తిరిగాడు. “మా అమ్మని ఎవరు చూస్తారు?”

“నేను చూస్తా,” అంది అక్క ఆవరణ గేటు దగ్గర్నుంచి. “నువ్వు మాత్రం కాదనకు అన్నా.”

ఆయన తలూపాడు. వెల్డరు లేచి అందరినీ అడిగాడు. రాసిచ్చేవాళ్లు ఎవరని. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. లాయరమ్మ తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టేసుకుంది.

“అయితే సంతకాలు పెట్టండి,” అన్నాడు హెడ్డు, పీడ వదిలిందనుకుని.

అక్క గేటు దాటి లోపలికి వచ్చింది. “ఇంకో పేరు రాయాలండి. నలభై ఒకటి.” బావ పేరు చెప్పింది.

“చచ్చినవాడి మీద కేసేంటమ్మా? నీకేమైనా మతిపోయిందా?”

“వీళ్లంతా నాలుగు రోజుల్నించి డ్యూటీకి రాలేదని రాశారు. ఆయన ఐదు రోజుల్నించి రావట్లేదు,” అంది అక్క. “రాయండి.”

హెడ్డు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. “ఆ పేరు నేను రాయలేను,” అన్నాడు. “పైవాళ్లని అడగాలి.”

“అడగండి. ఆ పేరు పడేదాకా ఇక్కడ ఒక్క సంతకం కూడా పడదు,” అన్నాడు వెల్డరు. వెళ్లి అక్క పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మేమందరం దగ్గరికి జరిగాం. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలాం.

“ఎంతసేపు కూర్చుంటారయ్యా?” హెడ్డు విసుక్కున్నాడు. “పైనుంచి జవాబు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఏమో!”

“మాకు అలవాటేనండి,” అన్నాడు వెల్డరు. “ఆ బంగళాలవాళ్లు ఎన్ని రోజులు ఆగగలరో కనుక్కోండి.”